ఏమైందండీ, పరిగెడుతున్నారు?

మన ఊళ్లలో పెద్దమనిషెవరైనా పరిగెత్తుకుంటూ వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు గబుక్కున లేచేవారు. "ఏమైందండీ? ఎవరికన్నా బాలేదా అండీ?" అంటూ ఎదురెళ్లి అడిగేవారు. పరుగంటే కబురు. అదీ మంచి కబురు కాదు. ఎవరినో పాము కరిచి ఉండాలి, గడ్డిమేటు అంటుకుని ఉండాలి, లేదా గట్టుకు గండి పడి ఉండాలి. పిల్లలు పరిగెడితే "పడతార్రా, నెమ్మది" అనేవారు. ఎదిగిన ఆడపిల్ల పరిగెడితే "ఏంటే ఆ పరుగు?" అని గదమాయించేవారు. నలభై దాటిన మనిషి ఏ పనీ లేకుండా, ఎవరూ తరమకుండా, ఎక్కడికీ వెళ్లకుండా ఊరికే పరిగెత్తడమనేది మా చిన్నతనంలో నేను చూడలేదు.

ఇవాళ తెల్లారగట్ల అయిదింటికి మన బడి గ్రౌండుకు వెళ్లి చూడండి. బ్యాంకు మేనేజరు, కిరాణా కొట్టాయన, నర్సమ్మ, రిటైరైన మాస్టారు, ఇంజనీరింగు చదివే కుర్రాళ్లు గుండ్రంగా తిరుగుతూ ఉంటారు. కొందరు నడుస్తారు, కొందరు పరిగెడతారు. ఏమైందని అడిగేవాళ్లు లేరు. ఈ మార్పు మనం బడిలో చేరిన నాటికీ, ఈ స్వర్ణోత్సవానికీ నడుమ, మన కళ్లముందే వచ్చింది. నేను ఈ బడిలో 1980లో పదో తరగతి పూర్తిచేశాను. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు చరిత్ర చెప్పాను. రాజుల యుద్ధాల సంవత్సరాలన్నీ చెప్పాను గానీ, మన కాళ్ల చరిత్ర ఎప్పుడూ చెప్పలేదు. ఆ లోటు ఈ సావనీరులో కొంత పూడ్చుకుంటాను.

పరుగు ఒక కూలిపని

రైళ్లు, బస్సులు లేని రోజుల్లో ఉత్తరం మనిషి కాళ్ల మీదే ప్రయాణం చేసింది. భుజాన సంచి, చేతిలో గజ్జెలు కట్టిన బల్లెం కర్రతో టపా మనిషి కొన్ని మైళ్లు పరిగెత్తి, అక్కడ కాచుకున్న రెండోవాడికి సంచి అందించేవాడు. తపాలా శాఖలో ఆ ఉద్యోగం పేరే 'రన్నర్'. పల్లకీలు మోసిన బోయీలదీ అదే బతుకు. లోపల కూర్చున్నాయన కునుకు తీస్తుంటే బయట వాళ్లు పదం పాడుకుంటూ అడుగు కలిపి దౌడు తీసేవారు.

మన డెల్టాకు ఇంకొక ముచ్చట ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాటన్ దొర కాలువలను సాగునీటికే కాదు, పడవలకు కూడా పనికొచ్చేలా తవ్వించాడు. మన లాకులన్నీ పడవలు ఎక్కి దిగడానికి కట్టినవే. గాలి అనుకూలంగా లేనప్పుడు ఆ పడవలను గట్టు మీద నుంచి తాడు కట్టి మనుషులే లాగేవారు. ఇవాళ మనం బూట్లు వేసుకుని పొద్దున్నే తిరుగుతున్న కాలవగట్లను ముందుగా చదును చేసినవి ఆ కూలీల పాదాలే.

దీన్నుంచి ఒక అభిప్రాయం మన సమాజంలో బలంగా పాతుకుపోయింది. ఒళ్లు అలిసేలా కాళ్లు ఆడించడం లేనివాడి పని. కలిగినవాడు పంచె అంచు చేత్తో పట్టుకుని నిదానంగా నడవాలి. ఎంత నిదానంగా నడిస్తే అంత గౌరవం. "పరుగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్లు తాగడం మేలు" అన్న సామెత మనందరికీ ఉగ్గుపాలతో పోసిందే. అది ఆశపోతులకు చెప్పిన బుద్ధి. కానీ మనం దాన్ని కాళ్లకు కూడా వర్తింపజేశాం. సరదాగా పరిగెత్తడం మన దగ్గరికి రావాలంటే ముందు ఈ గౌరవాన్ని దాటుకుని రావాలి. బూట్లు కొనడం కన్నా అది కష్టమైన పని.

బడిలో పరుగు: శిక్ష, పందెం

మనందరికీ పరుగు నేర్పింది బడే. మద్రాసులో 1920లో హెచ్.సి. బక్ అనే అమెరికన్ వైఎంసీఏ తరఫున వ్యాయామ శిక్షణ పాఠశాల పెట్టారు. అక్కడ తయారైన మాస్టర్లు మద్రాసు రాష్ట్రంలోని హైస్కూళ్లకు చేరారు. అప్పటివరకు వరసలో నిలబడి చేతులు ఎత్తి దించడమే డ్రిల్లు. బక్ గారి శిష్యులతో ఆటలు, పరుగులు, దూకుళ్లు గ్రౌండులోకి వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1959–60లో కేంద్ర ప్రభుత్వం 'నేషనల్ ఫిజికల్ ఎఫిషియెన్సీ డ్రైవ్' పేరుతో దేశమంతటా జనానికి పరుగు, దూకుడు వంటి పరీక్షలు పెట్టింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మిల్ఖా సింగ్ 400 మీటర్లలో నాలుగో స్థానంలో నిలిచాక, ఏ బడిలోనైనా కాస్త వేగంగా పరిగెత్తే కుర్రాడికి ఆ పేరే పెట్టేవారు.

మా రోజులు గుర్తుచేసుకోండి. గ్రిగ్ పోటీలు వస్తున్నాయంటే పీఈటీ మాస్టారు సున్నం బకెట్టుతో గ్రౌండులో గీతలు గీయించేవారు. బూట్లున్నవాడు బడి మొత్తానికి ఒకడో ఇద్దరో. తక్కినవాళ్లం ఉత్త కాళ్లతోనే. పల్లేరుకాయలు గుచ్చుకుంటే ఒంటికాలి మీద నిలబడి పీక్కుని మళ్లీ పరిగెత్తేవాళ్లం. గెలిస్తే స్టీలు గ్లాసో, సబ్బుపెట్టో ఇచ్చేవారు.

ఇప్పుడు ఆలోచిస్తే ఒక సంగతి తెలుస్తోంది. బడి మనకు రెండే రకాల పరుగులు నేర్పింది. ఒకటి పందెం. అందులో మొదటి ముగ్గురే మనుషులు, మిగతా నలభై మంది చప్పట్లు కొట్టేవాళ్లు. రెండోది శిక్ష. ప్రార్థనకు ఆలస్యమైతే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు. హోంవర్కు చేయకపోతే మూడు. పందెంలో ఓడినవాడూ, శిక్ష అనుభవించినవాడూ పదో తరగతి అయిపోగానే "హమ్మయ్య, ఇక పరిగెత్తక్కర్లేదు" అనుకున్నారు. ఆ తర్వాత మూడో రకం పరుగొకటి వచ్చి చేరింది. అది పరీక్ష. పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్లు, సైన్యానికి 1600 మీటర్లు. నేటికీ మన గ్రౌండులో అందరికన్నా ముందుగా, చీకటితోనే వచ్చేది ఆ ఉద్యోగార్థులే. చేతిలో ఫోను పట్టుకుని ఎనిమిది నిమిషాల లెక్క చూసుకుంటూ పరిగెడతారు. ఉద్యోగం వస్తే పరుగు మానేస్తారు, రాకపోయినా మానేస్తారు.

నెమ్మదిగా, మాట్లాడుకుంటూ, ఎవరినీ ఓడించకుండా పరిగెత్తవచ్చని మాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి అప్పటి లోకానికే అది కొత్త సంగతి.

ఆక్లండ్‌లో మొదలైన ముచ్చట

సరదా పరుగుకు పుట్టిల్లు ఏదంటే చాలామంది అమెరికా అనుకుంటారు. నిజానికి దాన్ని ఊరి జనం మధ్యకు తెచ్చింది న్యూజిలాండ్. ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు అక్కడ ఒలింపిక్ విజేతలను తయారుచేశాడు. రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్, మర్రీ హాల్‌బర్గ్ ఒకే రోజు బంగారు పతకాలు గెలిచారు. ఆ లిడియార్డే, గుండెజబ్బు వచ్చి తగ్గిన నడివయసు వ్యాపారులతో నెమ్మదిగా పరిగెత్తించడం మొదలుపెట్టాడు. 1962లో ఆక్లండ్‌లో జాగర్స్ క్లబ్ ఏర్పడింది. గుండె జబ్బంటే మంచం దిగకూడదని వైద్యులు చెబుతున్న రోజులవి. లిడియార్డ్ సూత్రం చిన్నది: పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగంతోనే పరిగెత్తు, ఆయాసం వస్తే వేగం తగ్గించు.

ఆ సంవత్సరం చివర్లో బిల్ బోవర్‌మన్ అనే అమెరికన్ శిక్షకుడు ఆక్లండ్ వచ్చాడు. వయసు యాభై దాటింది. లిడియార్డ్ ఆయన్ను క్లబ్బు వాళ్లతో పరుగుకు పంపాడు. కాసేపటికే బోవర్‌మన్‌కు ఎగశ్వాస వచ్చింది. డెబ్బై దాటిన ఒక పెద్దాయన, అదీ గుండెపోట్లు తట్టుకుని బతికినాయన, ఆయనకు తోడుగా వెనకబడి కబుర్లు చెబుతూ నడిపించుకొచ్చాడు. ఒలింపిక్ ఆటగాళ్లకు శిక్షణనిచ్చే మనిషికి తన ఒళ్లెంత బరువెక్కిందో అప్పుడు తెలిసింది. ఆయన ఒరెగాన్ తిరిగివెళ్లి ఊళ్లో వాళ్లను గ్రౌండుకు పిలిచాడు. డబ్ల్యు.ఇ. హారిస్ అనే గుండె వైద్యుడితో కలిసి 1967లో 'జాగింగ్' పుస్తకం తెచ్చాడు. మరుసటి ఏడాది కెన్నెత్ కూపర్ 'ఏరోబిక్స్' వచ్చింది. బోవర్‌మన్ తన శిష్యుడు ఫిల్ నైట్‌తో కలిసి పెట్టిన బూట్ల వ్యాపారమే తర్వాత నైకీ అయింది.

ఇదంతా గాలిలోంచి ఊడిపడలేదు. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సుల సిబ్బందిని పరిశీలించి ఒక మాట చెప్పాడు. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కన్నా, రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువ. యంత్రం వచ్చి కాళ్ల పని తీసుకున్నచోట గుండె మూల్యం చెల్లిస్తోందని అప్పుడు తేలింది. ఈ మాట గుర్తుంచుకోండి, మన డెల్టా దగ్గర మళ్లీ దీని అవసరం పడుతుంది.

అమెరికాలో కూడా మొదట్లో "ఏమైందండీ?" అన్న ప్రశ్న తప్పలేదు. 1968లో స్ట్రామ్ థర్మండ్ అనే సెనేటరు వీధిలో పరిగెడుతుంటే పోలీసులు అనుమానంతో ఆపారు. అంటే చోద్యం చూడడంలో గ్రీన్‌విల్‌కూ మన గొల్లప్రోలుకూ తేడా లేదు! 1970లో మొదటి న్యూయార్క్ మారథాన్‌లో బయలుదేరినవాళ్లు 127 మంది, చివరిదాకా వెళ్లినవాళ్లు 55 మంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఫ్రాంక్ షార్టర్ మారథాన్ గెలవడం అమెరికా జనం టీవీల్లో చూశారు. 1977లో జిమ్ ఫిక్స్ రాసిన పరుగు పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. ఆ దశాబ్దం ముగిసేసరికి పరుగు అక్కడ మామూలు సంగతి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన వైపు నుంచి డాక్టర్లూ ఇంజనీర్లూ అమెరికా వెళ్తున్నారు. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివినవాళ్లు వాళ్లలో ఎందరో. సెలవులకు ఊరొచ్చినప్పుడు పొద్దున్నే తెల్ల బూట్లు వేసుకుని కాలవగట్టున పరిగెత్తింది వాళ్లే. మా వీధిలో అలా వచ్చినాయన్ను చూసి మా నాయనమ్మ, "అమెరికాలో తిండి సరిగ్గా పెడతన్నారో లేదో, పిల్లాడు చిక్కిపోయాడు, పైగా ఈ పరుగొకటి" అని నొచ్చుకుంది.

ఆడపిల్లల పరుగు

ఈ చరిత్రలో సగం మందిని చాలాకాలం గ్రౌండు బయటే నిలబెట్టారు. 1928 ఒలింపిక్స్‌లో స్త్రీలకు 800 మీటర్ల పందెం పెట్టి, వాళ్లు అలిసిపోయారని చెప్పి తీసేశారు. మళ్లీ పెట్టడానికి 1960 దాకా పట్టింది. 1967 బోస్టన్ మారథాన్‌లో క్యాథరీన్ స్విట్జర్ తన పేరు పొడి అక్షరాల్లో రాసి నంబరు తీసుకుని పరిగెడుతుంటే, నిర్వాహకుడొకడు మధ్యలో వచ్చి ఆ నంబరు లాగేయబోయాడు. అక్కడ స్త్రీలను అధికారికంగా ఒప్పుకున్నది 1972లో. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ మొదలైంది 1984లో. ఆ ఏడే, ఆ లాస్ ఏంజెలెస్‌లోనే పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరోవంతు తేడాతో పతకం పోగొట్టుకుంది. రెండేళ్ల తర్వాత సియోల్ ఆసియా క్రీడల్లో నాలుగు బంగారు పతకాలు తెచ్చింది. మన తెలుగునాట అశ్విని నాచప్ప నటించిన 'అశ్విని' సినిమా 1991లో వచ్చింది. పరిగెత్తే అమ్మాయి కథతో సినిమా తీస్తే జనం టిక్కెట్టు కొని చూశారంటే, కాలం కొంత మారినట్టే.

మా తరగతిలో ఒకమ్మాయి ఉండేది. పేరు రాయొద్దని తనే అంది కాబట్టి రాయను. ఎనిమిదో తరగతిలో 200 మీటర్లలో ఆ అమ్మాయి వేగం మగపిల్లల్లో ఇద్దరికే ఉండేది. గ్రిగ్ పోటీలకు వెళ్లి కప్పు తెచ్చింది. హెడ్మాస్టరు గారు ప్రార్థనలో నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. తొమ్మిదో తరగతిలో మాస్టారు పేరు రాసుకోబోతే, "మా నాన్న వద్దన్నారండీ" అని తల వంచుకుంది. పెద్దమనిషైంది, లంగా ఓణీ వచ్చింది, ఇక గ్రౌండు లేదు. ఆ రోజు మేమెవరం అది అన్యాయమనుకోలేదు. నేనూ అనుకోలేదు. పైగా పోటీ తగ్గిందని సంతోషించిన మగపిల్లలున్నారు. ఇప్పుడు దాచుకుని లాభం లేదు, వాళ్లలో నేనొకణ్ణి.

అలా ఆగిపోయిన పరుగులు మన రెండు జిల్లాల్లో ఎన్నో ఎవరు లెక్కపెట్టగలరు? ఆగనివి ఏమయ్యాయో మాత్రం తెలుసు. పశ్చిమ గోదావరి నుంచి వెళ్లిన సత్తి గీత 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో భారత రిలే జట్టులో ఉంది. తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రిలే పరిగెత్తింది. వాళ్లిద్దరి ఇళ్లలో ఎవరో ఒకరు "పోనీ, పరిగెత్తనీ" అని ఉండకపోతే ఆ పేర్లు మనం వినేవాళ్లమా?

డెల్టాకు షుగరొచ్చింది

ఇక మన సంగతి. మన తాతలు వ్యాయామం చేయలేదు, వాళ్లకు అవసరం లేదు. నాట్లు, కోతలు, నూర్పిళ్లు, అరక వెనక మైళ్ల కొద్దీ నడక. మేము కూడా బడికి రెండు మూడు మైళ్లు నడిచి వచ్చినవాళ్లమే. తర్వాత ఇంటికో సైకిలు, ఆ తర్వాత ఇంటికో మోటారు సైకిలు. దుక్కికి ట్రాక్టరు, కోతకు మిషను. పొలం గట్టు దాకా బండి మీదే వెళ్లి, బండి మీదే కూర్చుని కూలీలతో మాట్లాడి తిరిగొచ్చే రోజులొచ్చాయి. కాళ్ల పని పోయింది గానీ కంచంలో అన్నం తగ్గలేదు. రెండు పంటల తెల్లన్నం, పులసకో పూతరేకుకో వంకపెట్టని నోరు, మధ్యాహ్నం కునుకు. లండన్ బస్సు డ్రైవరు మన ఊరికి వచ్చేశాడు.

దీనికి మన జిల్లాల్లోనే పక్కా సాక్ష్యం ఉంది. 2003–04లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్ మొదలైన సంస్థలు కలిసి ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఒక పరిశీలన చేశాయి. ఏడాదిలో చనిపోయిన 1,354 మంది ఇళ్లకు వెళ్లి, ఎలా పోయారో అడిగి రాసుకున్నాయి. పల్లెల్లో మనుషులు అంటురోగాలతోనే పోతారని అంతా అనుకునే రోజులవి. తేలింది వేరు. నూటికి 32 మరణాలు గుండెపోటు, పక్షవాతం వంటి రక్తప్రసరణ జబ్బుల వల్ల. అంటురోగాల వల్ల పోయినవారు నూటికి 12 మందే. మన పల్లెల్లోనే జరిగిన మరో పరిశీలనలో ముప్పై దాటినవారిలో నూటికి 13 మందికి మధుమేహం ఉందని తేలింది. పట్నం జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అనుకున్నది పచ్చని పొలాల మధ్యనే కాపురం పెట్టింది.

మాకు ఆ అంకెలు అక్కర్లేకుండానే తెలిసింది. 1980 బ్యాచ్‌లో గుండెపోటుతో పోయినవాళ్లు ఇప్పటికి నలుగురు. అందులో మొదటివాడు మా బడిలో 400 మీటర్లు ఎప్పుడూ గెలిచేవాడు. రైసు మిల్లు వ్యాపారంలోకి వెళ్లి, గల్లాపెట్టె ముందు ముప్పై ఏళ్లు కూర్చుని, యాభై ఒకటో ఏట ఒక మధ్యాహ్నం భోజనం చేసి లేవలేదు. దినానికి కలిసినప్పుడు మేమంతా చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఒకడన్నాడు, "వీడు పరిగెడుతుంటే మనం వీడి వీపు తప్ప ముఖం చూళ్లేదు కదరా." మరుసటి వారం మాలో ముగ్గురం పొద్దున్నే గ్రౌండుకు వెళ్లడం మొదలుపెట్టాం.

నడక నుంచి పరుగుకు

మన ప్రాంతంలో పరుగు నేరుగా రాలేదు, నడక వేలు పట్టుకుని వచ్చింది. డాక్టరు "రోజూ నలభై నిమిషాలు నడవండి" అని చీటీ మీద రాశాక, నడక మందు అయింది. మందు వేసుకోవడానికి సిగ్గెందుకు? విశాఖ కేంద్రంగా పెరిగిన వాకర్స్ ఇంటర్నేషనల్ తీరప్రాంతపు ఊళ్లలో వాకర్స్ క్లబ్బులకు దారి చూపింది. రాజమండ్రి గోదావరి గట్టు, కాకినాడలో కాలేజీ మైదానాలు, కోనసీమలో కాలవగట్లు పొద్దుటి పూట కళకళలాడాయి. నడిచే పదిమందిలో ఒకడు ఒక రోజు నాలుగడుగులు పరిగెత్తాడు. మర్నాడు ఇంకో ఇద్దరు. ప్రతి ఊళ్లోనూ ఇలాగే జరిగి ఉంటుందని నా నమ్మకం.

పట్నాల నుంచి పెద్ద పరుగుల గాలి కూడా వీచింది. 2004లో ముంబై మారథాన్ మొదలైంది. 2007లో హైదరాబాద్ రన్నర్స్ ఏర్పడి, 2011 నుంచి అక్కడ మారథాన్ నడుస్తోంది. విశాఖ బీచ్ రోడ్డు మీద నేవీ మారథాన్ వచ్చింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మన పిల్లలు మెళ్లో పతకాలు వేసుకుని ఫొటోలు పంపితే, ఇక్కడ తల్లిదండ్రులు మొదట భయపడ్డారు, తర్వాత మురిసిపోయారు, ఆ తర్వాత తామూ బూట్లు కొన్నారు. ఇంకోవైపు మన పేపర్లలో '2కె రన్' అన్న మాట నిత్యకృత్యమైంది. 2014 నుంచి పటేల్ జయంతికి ఐక్యతా పరుగు, 2020లో కరోనా మధ్య ఫిట్ ఇండియా ఫ్రీడమ్ రన్. టోపీలు, బనియన్లు, బ్యానరు, అధికారి జెండా ఊపడం, ఫొటో అయ్యాక పరుగు మొదటి మలుపులోనే ముగియడం మనకు తెలిసిందే. నవ్వుకున్నా, ఒక మేలు జరిగింది. ఎమ్మార్వో గారు, ఎస్సై గారు, డాక్టరమ్మ నడివీధిలో పరిగెత్తాక, పరుగుకు పట్టిన చిన్నతనం వదిలింది.

వయసు అడ్డమనేవాళ్లకు ఫౌజా సింగ్ కథ చెప్పాలి. పాస్‌పోర్టు ప్రకారం 1911లో పంజాబు పల్లెలో పుట్టిన రైతు. కొడుకును పోగొట్టుకున్న దుఃఖం నుంచి తేరుకోవడానికి పరుగు పట్టుకుని, 2000లో 89వ ఏట లండన్‌లో మొదటి మారథాన్ పరిగెత్తాడు. నూరేళ్ల వయసులో 2011లో టొరంటోలో పూర్తిచేశాడు. 2025 జూలైలో సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుతుంటే కారు గుద్ది పోయాడు గానీ, గుండె ఆగి కాదు.

రెండో వైపు కూడా చెప్పకపోతే చరిత్ర కాదు. లక్షలమందిని పరుగు బాట పట్టించిన జిమ్ ఫిక్స్ 1984లో 52వ ఏట పరుగు మధ్యలోనే గుండెపోటుతో మరణించాడు. ఆయన తండ్రి 43వ ఏటే గుండెజబ్బుతో పోయాడు. పరిగెడుతున్నాను కదా, నాకేం కాదనుకోవడం పొరపాటు. నలభై దాటినవారు, ఇంట్లో గుండెజబ్బు ఉన్నవారు, బీపీ షుగరు ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఛాతీలో బరువనిపిస్తే గ్యాసు అనుకుని సోడా తాగకూడదు. మన ఉక్కపోతకు మార్చి దాటాక పొద్దెక్కి పరిగెత్తకూడదు. లిడియార్డ్ మాట మరవకూడదు: మాట్లాడగలిగినంత వేగమే.

గేటు తాళం సంగతి

ఇంతకూ ఈ చరిత్ర మీకెందుకు చెప్పానంటే, సంఘం ముందు మూడు విన్నపాలు పెట్టడానికి.

మొదటిది. ఊళ్లో ఖాళీ స్థలాలు అపార్టుమెంట్లయ్యాయి, రోడ్ల మీద ఇసుక లారీలు, గట్ల మీద కుక్కలు. నాలుగు వైపులా గోడ, నడుమ మెత్తటి నేల ఉన్నది మన బడి గ్రౌండు ఒక్కటే. దాని గేటుకు ఎప్పుడు తాళం ఉంటుందో, ఎప్పుడు ఉండదో ఎవరికీ తెలియదు. బడి వేళలకు ఇబ్బంది లేకుండా ఉదయం అయిదు నుంచి ఏడున్నర వరకు, సాయంత్రం ఒక గంట తెరిచేలా హెడ్మాస్టరు గారితో మాట్లాడి, కాపలా మనిషి జీతం సంఘం భరిస్తే బాగుంటుంది. ఆర్చి కట్టించడం కన్నా తక్కువే అవుతుంది.

రెండోది. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి తలుపు, గొళ్లెం, నీళ్లు ఉన్న ఒక గది. పెద్దమనిషైన పిల్ల గ్రౌండు వదలడానికి నాన్న మాట ఒక్కటే కారణం కాదు, ఆ గది లేకపోవడం కూడా కారణమే. ఇది మా తరగతి అమ్మాయి చెబితేనే నాకు తెలిసింది, నలభై అయిదేళ్లు ఆలస్యంగా.

మూడోది, ఉపాధ్యాయ మిత్రులకు. దయచేసి పరుగును శిక్షగా వేయకండి. ఆలస్యంగా వచ్చినవాణ్ణి మొక్కలకు నీళ్లు పోయమనండి, నల్లబోర్డు తుడవమనండి. వారానికి ఒక పీరియడు గెలుపోటములు లేని పరుగు పెట్టండి. మాట్లాడుకుంటూ పరిగెత్తమనండి. చివర వచ్చినవాడికీ చప్పట్లు కొట్టండి. యాభై ఏళ్ల తర్వాత అది వాడి ప్రాణం నిలబెట్టవచ్చు.

ఆ అమ్మాయి ఇప్పుడు ముగ్గురు మనవల నాయనమ్మ. భర్తకు స్టెంటు వేశాక ఆయన్ను నడిపించడానికి గ్రౌండుకు రావడం మొదలుపెట్టింది. ఆయన నడిచేవాడు, ఈవిడ గట్టు మీద కూర్చునేది. ఆర్నెల్లకు పంజాబీ డ్రస్సు, బూట్లు కొనుక్కుంది. మొన్న కార్తీక మాసంలో ఒక పొద్దున నేను రెండో రౌండులో ఆయాసపడుతుంటే పక్కనుంచి దాటుకుని వెళ్లింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఏమైందండీ మాస్టారూ, పోటీ తగ్గిందనుకున్నారా?" అంది. నాకు నవ్వొచ్చింది, ఊపిరి అందక బయటికి రాలేదు.

స్వర్ణోత్సవం రెండో రోజు ఉదయం అయిదున్నరకు గ్రౌండులో కలుద్దాం. నడిచేవాళ్లు నడవండి, పరిగెత్తేవాళ్లు పరిగెత్తండి, కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లకు రావిచెట్టు అరుగు ఉండనే ఉంది. కప్పులు లేవు, నంబర్లు లేవు. వేసుకోవలసిన మాత్రలు మాత్రం మరవకుండా వేసుకుని రండి.

— 1980 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు